పేరు లేని ఉత్తరం



కరీంనగర్ నుండి జగిత్యాల పోయే తొవ్వలో కొండగట్టు ఉంది. గట్టు మీద అంజన్న గుడి ఉంది. మంగళవారం, శనివారం జనం బాగా వస్తారు. హనుమాన్ జయంతికి దీక్ష తీసుకున్న స్వాములు వేల మంది వస్తారు.

ఈ గుడి గురించి ఒక ముచ్చట చెప్తారు. సింగం సంజీవుడు అనే పసుల కాపరి ఉండేవాడట. ఒకరోజు అతని బర్రె తప్పిపోయింది. వెతికి వెతికి అలసిపోయి చెట్టు కింద పండుకున్నాడు. కలలో అంజన్న కనబడి, "నేను ఈ పొదల్లనే ఉన్న" అన్నాడట. సంజీవుడు లేచి పొదలు తొలగించి చూస్తే విగ్రహం కనబడింది. అక్కడే చిన్న గుడి కట్టాడు.

ఈ కథలో ఒక సంగతి గమనించండి. అంజన్న పసుల కాపరికే కనబడ్డాడు. నడుమ ఏ బాబా లేడు. ఎవరూ పైసలు అడగలేదు. ఎవరూ "నీ బిడ్డను నా దగ్గర విడిచిపెట్టు" అనలేదు.

దేవుణ్ణి మొక్కుడు మన ఇష్టం. అందులో తప్పు లేదు. కాని ఒక మనిషి లేచి, "నేనే దేవుణ్ణి, నేను చెప్పిందే వినాలె" అంటే ఏం జరుగుతుంది? ఈ పాఠంలో అదే చదువుదాం. ఇది కథ కాదు. మన దేశంలో జరిగింది. దీనికి మూలం ఒక ఉత్తరం.

డేరా అంటే ఏమిటి?

హర్యానా రాష్ట్రంలో సిర్సా అనే పట్నం ఉంది. అక్కడ "డేరా సచ్చా సౌదా" అనే పెద్ద ఆశ్రమం ఉంది. దాన్ని 1948లో మొదలుపెట్టారు. 1990లో గుర్మీత్ రామ్ రహీమ్ సింగ్ అనే ఆయన దానికి గురువు అయ్యాడు. అప్పుడు ఆయన వయసు 23 ఏళ్లు.

ఆయన వెనుక లక్షల మంది నడిచారు. అందులో ఎక్కువ మంది పేదలు. కూలి చేసుకునేవాళ్లు. తాగుడు మానిపిస్తాడని వచ్చినవాళ్లు. కులం అడగకుండా కూర్చోబెడతారని వచ్చినవాళ్లు. డేరాలో దవాఖాన ఉంది, బడి ఉంది. రక్తదానం చేయించేవారు. ఎన్నికలు వస్తే నాయకులు ఆయన కాళ్ల దగ్గరికి వచ్చేవారు. తరువాత ఆయన సినిమాలు తీసి, వాటిలో తానే హీరో అయ్యాడు.

"మంచి పనులు చేసినోడు చెడ్డోడు ఎట్లయితడు?" అని మీలో ఒకరు అడగవచ్చు. అడగవలసిన మాటే. పది మంచి పనులు చేసినా ఒక ఆడపిల్లను పాడుచేస్తే అది నేరమే. మంచి పనుల లెక్క చూపి నేరాన్ని మాఫీ చేయించుకోవడానికి చట్టంలో వీలు లేదు.

ఉత్తరం రాసింది ఎవరు?

డేరాలో "సాధ్వులు" ఉండేవారు. సాధ్వి అంటే సన్యాసం తీసుకున్న ఆడమనిషి. తల్లిదండ్రులే భక్తితో బిడ్డలను తెచ్చి అక్కడ విడిచిపెట్టేవారు. "దేవుని దగ్గర ఉన్నది, మనకేం రంది లేదు" అనుకునేవారు.

2002లో ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి గారి పేరు మీద ఒక ఉత్తరం వచ్చింది. హైకోర్టు పెద్ద జడ్జికి కూడా అది చేరింది. హిందీలో రాసి ఉంది. కింద పేరు లేదు. రాసింది డేరాలోని ఒక సాధ్వి.

గురువు తనను గదికి పిలిచి పాడుచేశాడని ఆమె రాసింది. ఆ గదిని డేరాలో "గుహ" అనేవారు. తనలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని రాసింది. ఇంట్లో చెప్తే ఇంటివాళ్లే నమ్మడం లేదని రాసింది. పేరు చెప్తే తనను, తనవాళ్లను బతకనివ్వరని రాసింది.

డేరాలో ఆ పాడుపనికి కూడా ఒక మంచి పేరు పెట్టారు. దాన్ని "మాఫీ" అనేవారు. అంటే క్షమించడం. గురువు మాఫీ ఇచ్చాడా అని ఒకరినొకరు అడిగేవారట. కొత్తగా వచ్చిన పిల్లకు అదేమిటో తెలిసేది కాదు. చెడ్డ పనికి మంచి పేరు పెడితే చెడు కనబడదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఉత్తరం తరువాత ఏం జరిగింది?

సిర్సాలో "పూరా సచ్" అనే చిన్న పత్రిక ఉండేది. పూరా సచ్ అంటే పూర్తి నిజం. దాన్ని నడిపింది రామ్ చందర్ ఛత్రపతి. ఆయన ఆ ఉత్తరాన్ని తన పత్రికలో అచ్చు వేశాడు. 2002 అక్టోబర్ 24న ఆయన ఇంటి ముందే ఆయన మీద కాల్పులు జరిపారు. దవాఖానలో ఉండి నవంబర్ 21న చనిపోయాడు.

అంతకు ముందే, 2002 జులైలో రంజీత్ సింగ్ అనే ఆయన హత్య జరిగింది. ఆయన డేరాలో పనిచేసి బయటికి వచ్చినవాడు. ఉత్తరం పంచింది ఆయనే అని డేరాలో అనుమానపడ్డారని దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు.

ఒక ఉత్తరం వెనుక రెండు ప్రాణాలు పోయాయి. అయినా ఉత్తరం ఆగలేదు. హైకోర్టు దాన్ని చూసి, "దీని మీద సీబీఐ విచారణ చేయాలి" అని చెప్పింది. సీబీఐ అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే నేర పరిశోధన సంస్థ.

ఉత్తరం మీద పేరు లేదు. మరి కేసు ఎట్లా నిలబడుతుంది? కోర్టుకు సాక్ష్యం కావాలి. సీబీఐ వాళ్లు డేరా విడిచి వెళ్లిన ఆడవాళ్లను వెతికారు. చాలామందితో మాట్లాడారు. చాలామంది భయపడ్డారు. చివరకు ఇద్దరు ఆడవాళ్లు ముందుకు వచ్చారు. కోర్టు బోనులో నిలబడి జరిగింది చెప్పారు. అవతలి వకీళ్లు ఎన్నో ప్రశ్నలు వేశారు. ఇద్దరూ మాట మార్చలేదు.

పేరు లేని ఉత్తరంతో కేసు మొదలైంది. పేరున్న ఇద్దరు నిలబడితేనే అది గెలిచింది.

తీర్పు రోజు

2017 ఆగస్టు 25. పంచ్‌కులా అనే పట్నంలో సీబీఐ కోర్టు ఉంది. గుర్మీత్ పెద్ద కార్ల వరుసతో కోర్టుకు వచ్చాడు. లక్షమందికి పైగా భక్తులు ఆ పట్నానికి చేరుకున్నారు. జడ్జి జగ్‌దీప్ సింగ్ తీర్పు చదివారు. నేరం రుజువైంది.

బయట గొడవలు చెలరేగాయి. బండ్లు తగలబెట్టారు. 30 మందికి పైగా చనిపోయారు. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది ఆ గురువును నమ్మి వచ్చిన భక్తులే. గొడవల నష్టాన్ని డేరా ఆస్తుల నుండి రాబట్టాలని హైకోర్టు చెప్పింది.

గురువును హెలికాప్టర్‌లో రోహ్‌తక్ దగ్గర సునారియా జైలుకు తీసుకుపోయారు. ఆగస్టు 28న జడ్జి ఆ జైలుకే వచ్చారు. అక్కడే కోర్టు పెట్టారు. లక్షల మంది కాళ్లు మొక్కిన మనిషి ఆరోజు జడ్జి ముందు చేతులు జోడించి ఏడ్చాడు.

తనను దేవునిలాగా కొలిచిన ఆడపిల్లలనే పాడుచేసినవాడు దయకు తగడని జడ్జి తీర్పులో రాశారు.

శిక్ష లెక్క

శిక్ష లెక్క జర జాగ్రత్తగా చదవండి.

ఇద్దరు ఆడవాళ్లు సాక్ష్యం చెప్పారు. ఒక్కొక్కరి కేసులో 10 ఏళ్ల కఠిన జైలు శిక్ష పడింది. రెండు శిక్షలు ఒకేసారి నడిస్తే మొత్తం 10 ఏళ్లే అవుతుంది. కాని జడ్జి ఒకటి పూర్తయిన తరువాతనే రెండోది మొదలు కావాలని చెప్పారు. అందుకే మొత్తం 20 ఏళ్లు అయింది.

ఒక్కో కేసులో 15 లక్షల జరిమానా వేశారు. రెండింటికీ కలిపి 30 లక్షలు. అందులో ఒక్కొక్క ఆడమనిషికి 14 లక్షలు ఇవ్వాలని చెప్పారు.

తరువాత హత్య కేసుల్లో కూడా తీర్పులు వచ్చాయి. ఛత్రపతి హత్య కేసులో 2019 జనవరిలో సీబీఐ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. గుర్మీత్ దాని మీద పై కోర్టుకు పోయాడు. రంజీత్ సింగ్ కేసులో 2021లో యావజ్జీవ శిక్ష పడింది. కాని 2024 మే నెలలో హైకోర్టు ఆ కేసులో గుర్మీత్‌ను నిర్దోషి అని విడిచిపెట్టింది. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? కింది కోర్టు మాటే చివరి మాట కాదు. ఎవరైనా పై కోర్టుకు పోవచ్చు. దీన్నే అప్పీలు అంటారు. నేరస్తునికైనా, నేరం బారిన పడ్డవాళ్లకైనా ఈ హక్కు ఉంది.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. జైలులో ఉన్నవాళ్లను కొన్ని రోజులు బయటికి పంపే పద్ధతి ఉంది. ఇందులో పెరోల్, ఫర్లో అని రెండు రకాలు ఉన్నాయి. గుర్మీత్‌ను 2022 నుండి ఇట్లా ఎన్నోసార్లు బయటికి పంపారు. 2022 ఫిబ్రవరిలో 21 రోజులు పంపారు. 2023 జనవరిలో 40 రోజులు పంపారు. 2024 జనవరిలో 50 రోజులు పంపారు. తల్లి చనిపోయినా రెండు రోజులు బయటికి రాలేని పేద ఖైదీలు ఎందరో ఉన్నారు. "ఆయనకే ఎందుకు ఇంత సులువు?" అని చాలామంది అడిగారు. అడగడం మన హక్కు. శిక్ష పడడం ఒక ఎత్తు. ఆ శిక్ష సరిగ్గా నడవడం ఇంకో ఎత్తు.

"దయ్యం పట్టింది" అన్నారు

ఇప్పుడు రెండో సంగతి. ఇది మన కొండగట్టు మీద వినబడే మాటకు దగ్గరగా ఉంటుంది. గాలి సోకిందని, దయ్యం పట్టిందని గట్టు మీదికి ఎందరినో తెస్తారు కదా.

ఆశారాం అనే ఇంకో గురువు ఉన్నాడు. ఆయనకు దేశంలో ఎన్నో ఆశ్రమాలు ఉండేవి. మధ్యప్రదేశ్‌లో ఆయన గురుకులంలో 16 ఏళ్ల ఒక పిల్ల చదువుకుంటున్నది. 2013 ఆగస్టులో హాస్టల్ వాళ్లు తల్లిదండ్రులకు కబురు పంపారు. "మీ బిడ్డకు దయ్యం పట్టింది. బాపూజీ బాగుచేస్తాడు" అన్నారు. తల్లిదండ్రులు నమ్మారు. రాజస్థాన్‌లో జోధ్‌పూర్ దగ్గరి ఆశ్రమానికి బిడ్డను తీసుకుపోయారు. గదిలో గురువు ఆ పిల్లపై అత్యాచారం చేశాడు.

ఆ పిల్ల ఇంట్లో చెప్పింది. ఇక్కడ తల్లిదండ్రులు చేసిన పని గొప్పది. వాళ్లు కూడా ఆ గురువు భక్తులే. అయినా గురువును కాకుండా తమ బిడ్డను నమ్మారు.

వాళ్లు ఢిల్లీలో పోలీసు ఠాణాకు పోయారు. నేరం జరిగింది రాజస్థాన్‌లో. అయినా ఢిల్లీ పోలీసులు ఫిర్యాదు రాసుకుని జోధ్‌పూర్‌కు పంపారు. దీన్ని "జీరో ఎఫ్‌ఐఆర్" అంటారు. "ఇది మా ఠాణా కిందికి రాదు, అక్కడికి పొండి" అని పోలీసులు తిప్పి పంపకూడదు. 2024 జులై నుండి వచ్చిన కొత్త చట్టంలో ఈ మాట స్పష్టంగా రాసి ఉంది.

కేసు నడిచే రోజుల్లో సాక్షుల మీద దాడులు జరిగాయి. కొందరు చనిపోయారు. పిల్ల, ఆమె తల్లిదండ్రులు వెనక్కి తగ్గలేదు. 2018 ఏప్రిల్ 25న జోధ్‌పూర్ జైలులోనే కోర్టు తీర్పు ఇచ్చింది. ఆశారాంకు బతికినంత కాలం జైలు శిక్ష వేసింది. సాయం చేసిన ఇద్దరికి 20 ఏళ్ల చొప్పున శిక్ష వేసింది. వాళ్లలో ఒకరు హాస్టల్ వార్డెన్. ఆమె కూడా ఆడమనిషే. 2023 జనవరిలో గుజరాత్ కోర్టు ఇంకో మహిళ కేసులో ఆశారాంకు మళ్లీ యావజ్జీవ శిక్ష వేసింది.

ఒకరు పక్కన కూర్చోకపోతే, పక్క గదిలో పిల్ల ఏడిస్తే, నిద్ర పోకపోతే, తనలో తాను మాట్లాడుకుంటే, మనం తొందరపడి "గాలి సోకింది" అంటాం. ఆ పిల్లకు ఏదో భయం ఉండవచ్చు. ఎవరో ఏదో చేసి ఉండవచ్చు. లేదా మనసుకు జబ్బు చేసి ఉండవచ్చు. మనసు జబ్బుకు దవాఖానలో మందులు ఉన్నాయి. అంజన్నకు మొక్కుకోండి. దవాఖానకు కూడా తీసుకుపొండి. మనసు జబ్బు ఉన్నవాళ్లను గొలుసులతో కట్టవద్దని 2017లో వచ్చిన చట్టం చెప్తున్నది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే మనసు బాధకు ఉచితంగా సలహా చెప్తారు.

దొంగ గురువును ఎట్లా గుర్తుపట్టాలి?

1. "నేనే దేవుణ్ణి" అంటాడు. ప్రశ్న అడిగితే పాపం అంటాడు.
2. ఆడవాళ్లను, పిల్లలను ఒంటరిగా గదిలోకి రమ్మంటాడు.
3. "ఇక్కడ జరిగింది ఇంట్లో చెప్పొద్దు, చెప్తే కీడు జరుగుతది" అంటాడు.
4. మందులు ఆపమంటాడు. దవాఖానకు పోవద్దంటాడు.
5. పైసలు, భూమి, బంగారం తన పేరు మీద రాయమంటాడు.

వీటిలో ఒక్కటి కనబడినా అక్కడి నుండి లేచి రండి.

చట్టం మనకు ఏం ఇచ్చింది?

ఫిర్యాదు రాసిన కాగితం, అంటే ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. చదవండి. మీరు చెప్పిందే అందులో ఉన్నదా చూడండి. లేకపోతే వేలిముద్ర వేయకండి, సంతకం పెట్టకండి.

అత్యాచారం కేసులో ఆడమనిషి చెప్పేది మహిళా పోలీసు అధికారి రాసుకోవాలి.

అత్యాచారం జరిగిన వారి పేరు ఎవరూ అచ్చు వేయకూడదు. వేస్తే అది నేరం. అందుకే ఈ పాఠంలో ఆ ఆడవాళ్ల పేర్లు లేవు. కోర్టుకు వాళ్ల పేరు తెలుసు. లోకానికి తెలియదు. "ఇజ్జత్ పోతది" అని భయపడేవాళ్లకు ఈ సంగతి చెప్పండి. అసలు ఇజ్జత్ పోవలసింది నేరం చేసినవానిది.

దవాఖానలో వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. సర్కారు దవాఖానైనా, ప్రైవేటు దవాఖానైనా కాదనకూడదు.

18 ఏళ్ల లోపు పిల్లలపై నేరం జరిగితే పోక్సో అనే చట్టం ఉంది. అది 2012లో వచ్చింది.

ఆడవాళ్లకు కోర్టులో ఉచితంగా వకీలును ఇస్తారు. ఎంత ఆస్తి ఉన్నదని అడగరు. దీనికోసం జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది.

ఈ నంబర్లు గోడ మీద రాసి పెట్టుకోండి.

పోలీసు సాయం: 112
ఆడవాళ్లకు సాయం: 181
పిల్లలకు సాయం: 1098
ఉచిత న్యాయ సహాయం: 15100

చివరి మాట

2002లో ఉత్తరం వచ్చింది. 2017లో శిక్ష పడింది. నడుమ 15 ఏళ్లు. ఇది చాలా ఆలస్యం. అయినా ఆ కాగితం లేకపోతే కేసే లేదు.

ఆ సాధ్వికి డబ్బు లేదు. అండ లేదు. ఇంట్లో వినేవాళ్లు లేరు. ఆమెకు అక్షరం వచ్చు. ఆ అక్షరం గుహ గోడలు దాటి ఢిల్లీ దాకా పోయింది.

మీకు కూడా ఇప్పుడు అక్షరం వచ్చు.

కొత్త మాటలు

సాధ్వి – సన్యాసం తీసుకున్న స్త్రీ
యావజ్జీవ శిక్ష – జీవితకాలం జైలు శిక్ష
జరిమానా – తప్పుకు కట్టవలసిన పైసలు
అప్పీలు – పై కోర్టుకు పోవడం
పెరోల్ – జైలు నుండి కొన్ని రోజులు బయటికి పంపడం
జీరో ఎఫ్‌ఐఆర్ – నేరం ఎక్కడ జరిగినా, ఏ ఠాణాలోనైనా రాసుకునే ఫిర్యాదు

జవాబులు రాయండి

1. ఉత్తరం కింద పేరు ఎందుకు లేదు?
2. ఉత్తరాన్ని అచ్చు వేసిన పత్రిక పేరు ఏమిటి?
3. 10 ఏళ్ల శిక్షలు రెండు కలిసి 20 ఏళ్లు ఎట్లా అయ్యాయి?
4. ఒక్కో కేసులో జరిమానా 15 లక్షలు. అందులో ఆడమనిషికి 14 లక్షలు. మిగిలింది ఎంత?

సంఘంలో మాట్లాడుకోండి

1. బిడ్డ వచ్చి "గురువు ఇట్లా చేసిండు" అని చెప్తే ముందు మనం ఏం చేయాలి?
2. మీ ఊర్లో "గాలి సోకింది" అని ఎవరినైనా బాధపెడుతున్నారా? వాళ్లకు మీరు ఏం సాయం చేయగలరు?

చూసి రాయండి

పోలీసు ఠాణా ఎస్సై గారికి,

నా పేరు ............. మాది ............. ఊరు. తేదీ ............. నాడు జరిగిన సంగతి ఇది. ..........................................

దయచేసి కేసు రాసుకుని, ఎఫ్‌ఐఆర్ నకలు నాకు ఇవ్వగలరు.

సంతకం: .............

ఈ దరఖాస్తును మీ నోటుబుక్కులో మూడుసార్లు రాయండి. రాయడం రాని అక్క మీ వాడలో ఉంటే ఆమె పక్కన కూర్చుని నేర్పించండి.